యాభై వాట్ల స్పీకరు, అయిదొందల వాట్ల బావమరిది

ఆ ఆదివారం పొద్దున వాచీలు బాగుచేసే పెద్దమనిషి పెట్టుకున్న పని ఒక్కటే. మోటారుసైకిలు హ్యాండిలుకి బిగించిన రెండు స్పీకర్లకు తగ్గ ఆంప్లిఫయరు కొనాలి. ముప్ఫై ఏళ్లు వెనక సీట్లో కూర్చుని "ఎడమకి! ఎడమకంటే ఎడమకే!" అని దారి చెప్పిన భార్య పోయి మూడు నెలలైంది. అప్పట్నుంచీ ఆయన ఒక చోటికి బయల్దేరి ఇంకో చోట తేలుతున్నాడు. ఫోన్లో ఆవిడ గొంతు పదకొండు సెకన్లు మిగిలింది: "వచ్చేటప్పుడు వసారాలోకి బల్బు తీసుకురండి. మర్చిపోతారు, నాకు తెలుసు." బండి రొదలో అది వినపడి చావదు. అదీ ఆయన బాధ. దాన్ని ఇంకోచోట కూడా దాచుకోమని కూతురు పదిసార్లు చెప్పింది. పదిసార్లూ మర్చిపోయాడు. బల్బు సంగతి సరేసరి.

తోడుగా బావమరిది వచ్చాడు. పోయినావిడకు స్వయానా తమ్ముడు. తెలియదనే మాట పుట్టి బుద్ధెరిగి అనలేదు.

దుకాణం మెకానిక్కు స్పీకరు తిప్పి చూపించాడు. "ఇక్కడ చిన్నగా యాభై వాట్లని ఉంది చూడండి, ఎంతసేపైనా మోయగలిగే బరువు అది. పైన పెద్దగా వేసిన అయిదొందలు ఒక్క క్షణం తట్టుకునేది. యాభైకి సరిపడే ఆంప్లిఫయరు తీసుకోండి."

"చిన్నక్షరాలు పిరికివాళ్ల కోసమయ్యా! మా అక్క గొంతు యాభైలో ఇముడుతుందా? అయిదొందలది బిగించు," అన్నాడు బావమరిది.

వాచీలాయనకు మెకానిక్కు మాటే సబబనిపించింది. కానీ ఆ ఇంటివాళ్లకు ఎదురుచెప్పే అలవాటు ఆయనకు ఏనాడూ లేదు.

అయిదొందలదే బిగించుకొచ్చి ఇంటిముందు బండి ఆపి, ఫోను హ్యాండిలు మీద పెట్టి, పాట పెట్టినట్టు ఆ పదకొండు సెకన్లూ పెట్టాడు. బావమరిది సౌండు చివరిదాకా తిప్పాడు. "వచ్చేటప్పుడు..." అంటూ వీధి దద్దరిల్లింది. ఎదురింటి మేడమీద బట్టలారేస్తున్న ముసలావిడ "అమ్మో, తిరిగొచ్చేసింది!" అని చేతిలో తడి దుప్పటి వదిలేసింది. అది తిన్నగా బావమరిది నెత్తిన పడింది. అతను దుప్పట్లో గింజుకుంటుంటే సౌండు తగ్గించే దిక్కు లేకపోయింది. స్పీకర్లు గరగరమని, పొగలు కక్కాయి. "నిప్పు బావా, నిప్పు!" అని దుప్పటి విసిరికొట్టి, కుళాయి దగ్గరి బకెట్టెత్తి బండి మీద కుమ్మరించాడు.

పొగ ఆగింది. ఫోనూ ఆగింది.

వాచీలాయన మెట్లమీద కూర్చుని, సన్న స్క్రూడ్రైవరుతో ఫోను విప్పి, ముక్క ముక్కా తుడిచి ఆరబెట్టాడు. ఎన్ని ఆగిపోయిన వాచీలను నడిపించాడో! ఇది మాత్రం సాయంత్రం దాకా కదల్లేదు. "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందిరా," అని పైకే ఏడ్చాడు.

"ఫోన్ల షాపుకి పోదాం పద బావా," అని బావమరిది నేరం చేసినవాడిలా వెనక ఎక్కి కూర్చున్నాడు. వీధి చివర ఆయన అలవాటు ప్రకారం తప్పుదారి పట్టాడు.

"ఎడమకి బావా! ఎడమకంటే ఎడమకే! అన్నట్టు, వసారా చీకటిగా ఉంది, వచ్చేటప్పుడు బల్బు కొనాలి. మర్చిపోతావు, నాకు తెలుసు."

అదే సాగదీత, చివర అదే విసురు. వాచీలాయన బండి పక్కకు ఆపేశాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"ఇంకోసారి అనరా."

అన్నాడు. షాపు చేరేదాకా అంటూనే ఉన్నాడు. ఆ గొంతుకు ఆంప్లిఫయరు అక్కర్లేదు, ఆపే మీట మాత్రం ఎక్కడా లేదు.