ఐదు తొమ్మిదుల ఆశీర్వాదం

"ఆ గిన్నె కింద పెట్టు. ఇక్కడ మీటరు చక్రాలుండాయి, కనపళ్లేదా?"

"కనపడతానే ఉండాయి. కంచాలు పెట్టే చోట నెలల తరబడి అయ్యే కనపడతా ఉండాయి. అన్నం ఏడ తింటారు మరి?"

"ఒళ్లో పెట్టుకొని తింటాలే."

మా ఆయన పాల్ రాజు గారు ఒళ్లో కంచం పెట్టుకుని తినడం చూసి మీరు జాలిపడకండి. అందులో ఎంత మేలుంది! నడుం నిటారుగా ఉంటుంది. రెండోసారి వడ్డించమని అడగడానికి మొహమాటం వేస్తుంది. నన్నడిగితే, సంసారానికి ఆగిపోయిన కారు మీటరంత ఆశీర్వాదం మరొకటి లేదు! నమ్మరా? అయితే మా ఇంటికి రండి. కూర్చోవడానికి చోటుంది, తినడానికే లేదు.

మాది మార్కాపురం. మా రేకుల షెడ్డులో ఒక తెల్ల అంబాసిడర్ ఉంది. మా మామగారు ఇశ్రాయేలు దాన్ని టాక్సీగా తిప్పారు. స్టేషన్లో రైలు దిగిన యాత్రికులను ఎక్కించుకుని, దోర్నాల దాటి, ఘాట్ ఎక్కి, శ్రీశైలంలో దించేవారు. ఆదివారం మందిరంలో మొదటి వరుస ఆయనది. సోమవారం కారు నిండా మల్లన్న భక్తులు. అటు పాట, ఇటు నామస్మరణ, మధ్యలో గేర్లు ఆయనవి. మా ఇంట్లో పొయ్యి వెలిగింది ఆ చక్రాల మీదే.

ఆయన పోయాక కారు మా ఆయన చేతికొచ్చింది. మందిరానికీ, పెళ్లిళ్లకూ తప్ప బయటికి రాలేదు. పోయినేడు కొనకనమిట్లలో పెళ్లి చూసుకుని వస్తుంటే, కిలోమీటర్లు లెక్కపెట్టే మీటరులో ఐదు తొమ్మిదులు పడ్డాయి. 99999! ఇంకొక్క కిలోమీటరు నడిస్తే ఐదూ సున్నాలవుతాయి. మా ఆయన కారు వేగం తగ్గించి, కళ్లు రోడ్డు మీద నుంచి తీసి, మీటరు మీద పెట్టారు. నేను కళ్లు మూసుకుని ప్రార్థించాను. ఊళ్లు దాటాయి, చెట్లు దాటాయి. తొమ్మిదులు తొమ్మిదుల్లాగే ఉన్నాయి. కారు ఇంటికొచ్చింది. మీటరు మాత్రం దారిలో ఎక్కడో ఆగిపోయింది.

అంతటితో ఊరుకుంటే అది మామూలు సంసారం. మా ఆయన ఆదివారం మందిరంలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పారు. "మా నాయన కారు లక్ష పూర్తి చేయబోతుంది. మీటరు బాగుచేసి, సంఘమంతా చూస్తుండగా సున్నాలు పడేసి, ఆ రోజే కృతజ్ఞత కూడిక పెడతా!" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. కూడిక అంటే బిర్యానీ ఉంటుంది కదా, ఎందుకనరు? అప్పటి నుంచి పాస్టరు శాంతయ్య గారు ప్రతి ఆదివారం ఒకరి కిడ్నీలో రాయి గురించీ, ఒకరి కొడుకు బదిలీ గురించీ ప్రార్థించి, ఆ రెంటి మధ్యలో "మా సహోదరుని మీటరును కూడా జ్ఞాపకం చేసుకో ప్రభువా" అంటున్నారు. ఏ దేశంలోనైనా, ఏ మీటరుకైనా ఇంత గౌరవం దక్కిందా?

మీటరు బాగయ్యేదాకా కారు గేటు దాటకూడదని మా ఇంటి చట్టం. ఎందుకని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. "మీటరు తిరక్కుండా కారు తిరిగితే ఆ కిలోమీటర్లు ఏమైపోవాల?" అన్నారు మా ఆయన. పాపం, కిలోమీటర్లు! దారిలో దిక్కులేకుండా పడి ఉంటాయి కాబోలు.

లాభాలు చూడండి. పెట్రోలు ఖర్చు లేదు. టైర్లు అరగవు. ఇంజన్ ఆయిలు మార్చాల్సిన కిలోమీటరు ఎప్పటికీ రాదు. కారు వయసు ఆగిపోయింది! షెడ్డులో మా కోడి డ్రైవరు సీటు మీద నిశ్చింతగా గుడ్లు పెడుతోంది. నా పాత టూత్‌బ్రష్ సైతం ధన్యమైంది. కిరసనాయిల్లో ముంచి దానితోనే మీటరు చక్రాల సందులు తోముతున్నారు. అది పాతది కాదని నాకు మర్నాడు పొద్దున తెలిసింది.

మరమ్మతు మాత్రం ఎంత రమ్యంగా సాగుతోందని! ఫోన్లో వీడియోలు చూసి ఒకసారి చక్రాలు బిగించారు, 90999 వచ్చింది. మళ్లీ విప్పి బిగించారు. ఈసారి ప్రతి అంకె తొమ్మిదికీ సున్నాకీ నడుమ, పైకి లేవలేక కిందికి దిగలేక నిలబడింది. ఇంకోసారి డ్రిల్లు మిషన్ తగిలించి తిప్పితే అది తిరగబడి తిరిగి 99998 పడింది! మా ఆయన ముఖం పాలిపోయింది. నాయన కష్టపడి తోలిన కిలోమీటరు ఒకటి తన చేతుల్లో చెరిగిపోయిందని ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు.

అయినా సరే, చక్రాలెలా పనిచేస్తాయో ఆయన నాకు ఓపిగ్గా వివరించారు. గేరుబాక్సు నుంచి వచ్చే కేబులు తిప్పేది కుడి చివరి చక్రాన్ని ఒక్కదాన్నే. మిగతా నాలుగూ ఊరికే కూర్చుని ఉంటాయి. కుడి చక్రం ఒక చుట్టు పూర్తి చేసి, తొమ్మిది దాటి సున్నాలోకి వచ్చేటప్పుడు, చిన్న పన్ను ఒకటి పక్క చక్రాన్ని ఒక అంకె ముందుకు నెడుతుంది. అది ఒక చుట్టు తిరిగితే దాని పక్కది కదులుతుంది. ఎడమ చివర ఉన్నది పదివేల కిలోమీటర్లకు ఒక్కసారి కదులుతుంది. అన్నీ తొమ్మిదులైనప్పుడు మాత్రం ఐదూ ఒకేసారి కదలాలి. పాత గ్రీజు ముదురు పాకంలా గట్టిపడి ఉంటుంది. భారమంతా చిన్న పళ్ల మీద పడుతుంది. అవి అరిగి జారిపోతాయి.

నాకు ఇంత తేలిగ్గా అర్థమైన మిషను ఇంకొకటి లేదు! మా ఇల్లే కదా అది!

పొద్దున పాల ప్యాకెట్టు దగ్గర నుంచి రాత్రి గ్యాసు కట్టేసేదాకా తిరిగే చక్రం ఎవరో మీకు చెప్పనక్కర్లేదు. డిగ్రీ చదివే మా అమ్మాయి ఫెబీ, నేనొక చుట్టు తిరిగి కేకేస్తే ఒక అంకె కదులుతుంది. మా అత్తగారు రూతమ్మకు మోకాళ్ల నొప్పులు, ఆమె కదలకపోయినా నేనేమీ అనను. ఎడమ చివరి చక్రం ఎవరో మర్యాద కోసం చెప్పను. అంకె చదివేటప్పుడు మాత్రం అందరూ ఆయన దగ్గర నుంచే మొదలుపెడతారు!

అన్నట్టు, ఒక చిన్న సంగతి. పోయిన ఎండాకాలం నేను డ్రైవింగు స్కూలుకు పోయాను. రివర్సు నేర్చుకున్నాను, టెస్టులో కారుతో ఎనిమిది వేశాను, లైసెన్సు తెచ్చుకున్నాను. గిద్దలూరులో మా చెల్లెలు లీదియాకు మోకాలి ఆపరేషనైంది. వండి పెట్టే దిక్కు లేదు. క్యారియరు పట్టుకుని కంభంలో బస్సు మారి నేను చేరేసరికి కూర చల్లారిపోతుంది, పప్పు సగం నా చీర మీద ఉంటుంది. పోయినప్పుడల్లా అది కిటికీలోంచి చూస్తూ, "అక్కా, ఈ తూరన్నా కారులో దిగుతావనుకుంటినే" అంటుంది.

మా ఆయన్ను అడిగాను. "కూడిక అయిపోనీ. తర్వాత తోలుదువులే" అన్నారు. ఇదీ ఆశీర్వాదమే! లైసెన్సు బీరువాలో నలగకుండా ఉంది. వారానికొకసారి కోడిని దించి, బ్యాటరీ పడిపోకుండా కారు స్టార్ట్ చేసి, ఇంజను మోత కాసేపు విని, మళ్లీ కట్టేస్తున్నాను. అంతకంటే ఏం కావాలి ఆడదానికి?

నిన్న సాయంత్రం అన్నాల దగ్గర మా అత్తగారు కొడుకును ఎగాదిగా చూశారు.

"ఏందిరా నాయనా, ఆ సున్నాల కోసం ఇంతగా ఏడుస్తుండావు?"

"లక్ష గదమ్మా! నాయన కారు మొట్టమొదటి లక్ష!"

"మొట్టమొదటిదా?" ఆమె ముద్ద కంచంలో పెట్టేశారు. "మీ నాయన తోలినప్పుడే రెండు తూర్లు పడినాయి గదరా. ఒక తూరి ఘాట్‌లో ఎవరి బిడ్డో వాంతులు చేసుకుంటుంటే చూసుకోనే లేదంట. ఇంకో తూరి దోర్నాల కాడ టీ తాగి, బండెక్కినాక చూసినాడంట. 'మళ్లా మొదటికొచ్చె రూతమ్మా' అని నవ్వినాడు. అన్నం తిని పండుకున్నాడు."

ఫెబీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అయితే నాయనా, పాస్టరుగారు ఇన్నాళ్లు ప్రార్థన చేసేది మూడో లక్షకా?" అంది నవ్వాపుకుంటూ.

"నవ్వద్దే" అన్నారు మా ఆయన. ఒళ్లో కంచం చూసుకుంటూ, మెల్లగా, "నాయన చేతుల మీద ఎన్ని తూర్లు పడితే ఏంది? నా చేతుల మీద ఇదే మొదలు. సాక్ష్యం చెప్పినా గదా" అన్నారు.

నాకు ఆయన మీద కోపం రాలేదు. నిజంగానే జాలేసింది. మామగారు చూడకుండానే దాటిపోయిన సున్నా కోసం ఈయన అన్నం బల్ల దగ్గర కాపలా కాస్తున్నారు. ఆయనను అలా కాపలా ఉండనివ్వడమే న్యాయం అనిపించింది.

అందరికీ మజ్జిగ పోశాను. చెయ్యి కడుక్కుని, క్యాలెండరు పక్కన మేకుకు వేలాడే కారు తాళం తీసి కొంగుకు ముడేసుకున్నాను.

"రేపు మందిరం అయినాక కారు తీసుకొని గిద్దలూరు పోతుండా" అన్నాను. "నేనే తోలతా. అత్తయ్యా, ముందు సీటు మీది. ఫెబీ, పొద్దున్నే కోడిని దించు."

మా ఆయన చేతిలోని చక్రం బల్ల మీద దొర్లింది.

"మీటరు లేకుండానా? పోయేది, వచ్చేది, ఆ కిలోమీటర్లన్నీ లెక్కలోకి రాకుండా పోతాయే!"

"పోనీయండి," అన్నాను, "నాకు అలవాటే."