తవిటయ్య ఒప్పజెప్పిన మాటలు

కొత్తగరువు గోనెసంచుల మిల్లులో పై ఉద్యోగం వచ్చినప్పుడల్లా పనివాడు తన మాటల్లో ఒకటి ఆఫీసులో ఒప్పజెప్పాలి. అవి మూకీ సినిమాల రోజులు కనుక ఇందులో ఎవరికీ వింత కనిపించలేదు. గుమాస్తా పంతులుగారు ఆ మాటను కవరులో పెట్టి, లక్క వేసి, రసీదు ఇచ్చేవారు. ఆ తర్వాత అది అతని నోట రాదు.

కిల్లాన తవిటయ్య మొదటి మెట్టుకు "ఎందుకు" ఇచ్చాడు. సంచులు కుట్టేచోట మేస్త్రీ అయినప్పుడు "వద్దు" ఇచ్చాడు. ఆ మాట అనే ధైర్యం తనకెలాగూ లేదు, వాడని వస్తువు ఇంట్లో దేనికని తనలో తనే నవ్వుకున్నాడు. మిల్లు నడిపే దొరగారికి "ఊఁ" ఒక్కటే మిగిలిందని అందరూ గొప్పగా చెప్పుకునేవారు. తవిటయ్య అప్పుడప్పుడు అద్దం ముందు నిలబడి "ఊఁ" అని చూసుకునేవాడు.

ఆ మిల్లులోనే సంచులు కుట్టే సన్నెమ్మా అతనూ పెళ్లి చేసుకుందామనుకుని రెండేళ్లయింది. పెద్దమేస్త్రీ అయ్యాక చేసుకుందామని తవిటయ్య వాయిదా వేస్తూ వచ్చాడు. డేరాలో చూసిన ఒక మూకీ బొమ్మలో ఒక ఫ్యాక్టరీ కూలీ ఒక్క మాటా పలక్కుండా యజమానీ అయ్యాడు, ప్రియురాలినీ దక్కించుకున్నాడు. తవిటయ్య దాన్ని నాలుగుసార్లు చూసి, ఆ హీరోకి తన పోలికలున్నాయని నమ్మాడు.

ఆ వేసవిలో పని తగ్గింది. తీసేయాల్సిన ఆడకూలీల జాబితా మేస్త్రీ సంతకానికి వచ్చింది. అందులో సన్నెమ్మ ఉంది. మేస్త్రీ తన నోటితో వద్దంటే జాబితాలోంచి ఆ పేరు కొట్టేస్తారు. రాసిస్తే చెల్లదు.

సన్నెమ్మ వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"నువ్వు పెద్దమేస్త్రీ కానక్కర్నేదు. వద్దని ఒక్క మాట సెప్పు, సాలు," అంది.

తవిటయ్య రసీదు పట్టుకుని ఆఫీసుకు పరుగెత్తాడు. పంతులుగారు కవరు తీసి బల్ల మీద పెట్టారు. మాట వెనక్కి తీసుకుంటే మేస్త్రీ పని పోతుందని చెప్పారు. పై నెల పెద్దమేస్త్రీ పదవికి అతని పేరే అనుకుంటున్నారని కూడా చెప్పారు. భోజనాల వేళంతా తవిటయ్య ఆ కవరు వైపే చూస్తూ కూర్చున్నాడు. గంట కొట్టగానే జాబితా మీద సంతకం పెట్టాడు.

బయటికొచ్చి, బొమ్మలో చూసినట్టే గుండె మీద చెయ్యి వేసుకుని, కళ్లు పైకి తిప్పి, ఒక మోకాలి మీద కూలబడ్డాడు.

"కడుపు నొప్పా?" అని సన్నెమ్మ కంగారుపడింది. అంతలో అతని వేళ్ల మీది సిరా చూసింది. "నీకు మాట నేక కాదు తవిటయ్యా. ఇచ్చీసింది తెచ్చుకోడం ఇష్టం నేక," అంది.

మర్నాటి బండికి ఆమె కలకత్తా మిల్లులకు వెళ్లిపోయింది. తవిటయ్య స్టేషనుదాకా వెళ్లాడు. మేస్త్రీ తలపాగాతో ఏడిస్తే బాగుండదని గోడవతలే నిలబడ్డాడు.

పై నెల పెద్దమేస్త్రీ అయ్యాడు. ఈసారి "సన్నెమ్మ" ఇచ్చాడు. పేరు మాట కింద చెల్లుతుందా అని పంతులుగారు కాసేపు సందేహించి, బరువు చూసి తీసుకున్నారు.

పిల్లనిచ్చేవాళ్లు వచ్చారు. ఏమడిగినా "అలాగే" అనే అల్లుడు దొరికాడని పిల్ల తండ్రి మురిసిపోయాడు. పిల్ల మాత్రం ఒక్క మాటా పలకలేదు. ఏ మిల్లులో పనిచేస్తుందని తవిటయ్య అడిగాడు.

"మిల్లేటి బాబూ," అన్నాడు తండ్రి. "మా ఇంట ఆడపిల్లకి ఊహ తెలీకముందే మాటలన్నీ తీసీసుకుంటాం. తిరిగిమ్మని అడిగిన పిల్ల ఇంతవరకూ నేదు."

అక్కడున్న అందరికీ అది సబబుగానే తోచింది. పెళ్లి ఆదివారం జరిగింది.