డేగకంటికి చుక్కెదురు

"నేరస్థులారా, మీకు మూడింది. ఈ ఊళ్లో మెదడున్న మనిషి ఇప్పుడే టిఫిన్ ముగించాడు."

ఈ ప్రకటన చేసినవాడు మా ఫొటో స్టూడియో యజమాని, నాకు చిన్ననాటి స్నేహితుడు. రోజూ ఉదయం షట్టర్ ఎత్తుతూ నేరప్రపంచానికి ఇలాంటి హెచ్చరిక ఒకటి జారీ చేయడం వాడికి అలవాటు. ఆ రోజు షట్టర్ సగంలో ఇరుక్కుపోవడంతో వంగి లోపలికి దూరి, మిగతా హెచ్చరిక లోపలినుంచి వినిపించాడు. తనకు తానే ఇచ్చుకున్న బిరుదు డేగకన్ను. విజిటింగ్ కార్డు మీద కూడా అదే అచ్చు వేయించాడు. కళ్లద్దాలు తీస్తే ఈ డేగకు గోడకూ తలుపుకూ తేడా తెలియదు. పెట్టుకుంటే తేడా తెలుస్తుంది గానీ తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలియదు.

వాడు పాస్‌పోర్టు ఫొటోలు తీస్తాడు. నేను కంప్యూటర్ ముందు కూర్చుని వాటికి మెరుగులు దిద్దుతాను. మొటిమలు చెరపడం, కళ్లకింద నలుపు తగ్గించడం, చెదిరిన జుట్టు సర్దడం నా పని. తీరిక దొరికితే వాడు పరిశోధనలు చేస్తాడు, వాటివల్ల చెడిన సంబంధాలకు నేనే మెరుగులు దిద్దుతాను. కిందటి కేసు పక్క కొట్లో మాయమైన గొడుగు. దొంగ కోసం వీధి వీధంతా గాలించి, వాన మొదలవగానే ఆ గొడుగే వేసుకుని ఇంటికి వెళ్లాడు.

ఇలాంటివాడి చేతిలో ఒక పిల్ల పెళ్లి ఇరుక్కుంది. అదీ అసలు బాధ.

వాడి మేనకోడలు స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఆ పక్క భవనంలో లిఫ్టులు బాగుచేసే అబ్బాయిని ఇష్టపడింది. అబ్బాయికి తల్లి లేదు, తండ్రి రిటైరైన పోస్టుమాస్టరు. అమ్మాయికి తండ్రి లేడు. తల్లి, అంటే మావాడి చెల్లెలు, ఉప్పు ఏ కొట్లో కొనాలన్నా "అన్నయ్య సరేనంటే సరే" అనే మనిషి. రెండు కుటుంబాలూ ఒక సాయంత్రం కూర్చుని టీ తాగాయి. అందరికీ అందరూ నచ్చారు. మావాడు కెమెరాను స్టాండు మీద పెట్టి అందరినీ కలిపి ఫొటో తీశాడు. ఆ ఫొటోతోనే గొడవ మొదలైంది.

నేను దాన్ని తెరమీద పెద్దది చేసి చూస్తుంటే పోస్టుమాస్టరుగారి మెడమీద, కాలర్‌కి కాస్త పైన, ఆవగింజంత ఎర్రచుక్క కనిపించింది. గుండ్రంగా, నున్నగా, ఎర్ర సిరాతో పెట్టినట్టుంది. అలవాటుగా చెరపబోయాను.

"ఆగు. సాక్ష్యాన్ని చెరపకు" అంటూ మావాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"సాక్ష్యమేంట్రా? మచ్చ."

"అదే కదా నేనూ అంటున్నది. మచ్చలేని మనిషని మా చెల్లెలికి తెగ చెప్పారు. ఇదిగో మచ్చ. ఆ పక్కనావిడ చెయ్యి చూడు."

పక్కనావిడ పోస్టుమాస్టరుగారి అక్కగారు. మోచేతి పైన అలాంటివే ఇంకాసిని చుక్కలున్నాయి. మావాడి కళ్లద్దాలు మెరిశాయి. అంతటితో ఆగినా బాగుండేది. కానీ ఆ సాయంత్రమే ఇనప సామాన్ల కొట్టు పెద్దాయన పాస్‌పోర్టు ఫొటోకని వచ్చాడు. చొక్కా పై బొత్తాం ఊడి ఉంది, ఆ సందులోంచి ఛాతీమీద చుక్క. మాటల్లో మాటగా, పోస్టుమాస్టరుగారు తనకు రోజూ పొద్దున్నే కలిసే నేస్తమని కూడా చెప్పాడు. ఆయన మెట్లు దిగేలోపు మావాడు కేసుకు పేరు పెట్టేశాడు. ఎర్రచుక్కల ముఠా.

వాడి సిద్ధాంతం ఇది. చుక్క ఉంటే సభ్యుడు. చుక్కలు పెరిగేకొద్దీ హోదా పెరుగుతుంది. ఆ లెక్కన అక్కగారు నాయకురాలు. మరి ఇంతకీ వీళ్లు చేసే నేరమేమిటని అడిగాను. అదింకా బయటపడలేదట, అంత పకడ్బందీగా చేస్తున్నారట. నేరమే కనిపించనప్పుడు నేరస్థులెలా అయ్యారంటే, నా వైపు జాలిగా చూసి టీ తెప్పించమన్నాడు.

ఆ రాత్రే వాడు చెల్లెలికి ఫోన్ చేసి, తను చెప్పేదాకా ఆ ఇంటివాళ్లకు మాట ఇవ్వద్దన్నాడు. కారణం అడిగితే చుక్కలన్నాడు. ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ అన్నయ్య అన్నాడు కాబట్టి పోస్టుమాస్టరుగారి ఫోన్లు ఎత్తడం మానేసింది.

నాలుగు రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం అమ్మాయి స్టూడియోకి వచ్చింది. మావాడు లేని వేళ చూసుకునే వచ్చినట్టుంది. తన మామయ్యకు పట్టపగలే చుక్కలు కనిపిస్తున్నాయట కదా అని అడిగింది. గొంతులో నవ్వుంది, కళ్లలో లేదు. అబ్బాయి వాళ్ల నాన్న ఆ టీ సాయంత్రం మాట్లాడిన ప్రతి మాటా తిరగేసుకుంటూ, ఎక్కడ తప్పు మాట్లాడానో అని అన్నం సరిగ్గా తినడంలేదట.

"ఆయన ఏ తప్పూ మాట్లాడలేదు అంకుల్. ఆ సాయంత్రమంతా మాట్లాడింది మా మామయ్యే. ఈ సంబంధం ఇలా పోతే మాత్రం నేను మామయ్య ముఖం చూడను."

అంత మాట అన్నాక అక్కడే కుర్చీలో కూర్చుండిపోయింది. చిన్నప్పుడు వాడి భుజాలెక్కి తిరిగిన పిల్ల. నేను చూసుకుంటానని మాట ఇచ్చాను. ఎలా చూసుకుంటానో నాకే తెలియదు.

మావాడు అప్పుడు పోస్టుమాస్టరుగారి వెంటపడి తిరుగుతున్నాడు. మండే ఎండల్లో కూడా ఆయన నిండు చేతుల చొక్కా వేసి మెడదాకా బొత్తాలు పెట్టుకుంటున్నాడని, అది దాపరికం కాక మరేమిటని నాతో ఫోన్లో గుసగుసలాడాడు. కానీ మెడలో కెమెరా వేసుకున్నవాడు రహస్యంగా తిరగడం అయ్యే పని కాదు. పార్కులో ఒక కొత్తజంట ఆపి ఫొటో తీయమన్నారు. వాడు ముందు కాదన్నాడు. తర్వాత వాళ్లు నిలబడిన తీరు చూడలేక గడ్డం కాస్త దించమన్నాడు, వెలుతురు ఇటునుంచి పడుతోందన్నాడు, అమ్మాయిని అటు జరగమన్నాడు. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. పోస్టుమాస్టరుగారు మాత్రం చేతిసంచితో సహా మాయమయ్యారు. తిరిగి కనిపించినప్పుడు ఆ సంచి తడిసి ఉందట. సాక్ష్యాలు కడుక్కొచ్చాడని మావాడు తేల్చాడు.

చివరికి ఆ సంచి ఎక్కడికి వెళుతోందో పట్టుకున్నాడు. ఊరి ఈతకొలనుకి. పొద్దున్నే అక్కడ పెద్దవాళ్లంతా ఈతకొడతారు. కంచె సందులోంచి చూస్తే వీపులమీద, భుజాలమీద, పొట్టలమీద, ఎక్కడ చూసినా ఎర్రచుక్కలే. ముఠా స్థావరం దొరికేసిందని, ఇక లోపలికి చొరబడటమే మిగిలిందని నాతో అన్నాడు. చొరబడాలంటే చుక్కలు కావాలి. బనీనుతో కుర్చీలో కూర్చుని ఎర్ర స్కెచ్‌పెన్ను నా చేతికిచ్చాడు.

నీళ్లు తగిలితే చెదిరిపోతాయని చెప్పి చూశాను. గట్టుమీదే నిలబడతానన్నాడు. భుజాలమీదా మోచేతులమీదా పెట్టాను. పొట్టమీద కూడా పెడదామని బనీను ఎత్తబోతే చక్కిలిగిలితో కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. పొట్టను అలాగే వదిలేశాం. నేను ఎందుకు ఒప్పుకున్నానంటే, వీడు ఎలాగూ వెళతాడు, పక్కన ఉంటే కనీసం పెళ్లికొడుకు తండ్రిమీద పడకుండా ఆపొచ్చని.

మర్నాడు పొద్దున కొలను దగ్గర మావాడు బనీను, నిక్కరుతో గట్టుమీద నిలబడి, భుజం ముందుకు పెట్టి, ఇనపకొట్టు పెద్దాయనతో రహస్యంగా అన్నాడు. "చుక్కలు పొడిచాయి."

ఆయన ఆకాశంవైపు చూసి, తెల్లారిపోయింది కదా బాబూ అన్నాడు.

ఈలోగా పోస్టుమాస్టరుగారు ఈదుకుంటూ గట్టు దగ్గరికి వచ్చారు. కళ్లకు ఈత అద్దాలుండటంవల్ల మావాణ్ని పోల్చుకోలేదు. భుజంమీది చుక్కలే చూశారు. గొంతు తగ్గించి అడిగారు.

"మీకూ ఉన్నాయా? ఎప్పటినుంచి?"

"చాలాకాలంగా" అన్నాడు మావాడు, అంతే గొంతు తగ్గించి.

"డాక్టరుకి చూపించారా?"

డాక్టరన్నది అక్కగారికంటే పైనున్న ముఠానాయకుడి మారుపేరని మావాడికి వెంటనే అర్థమైపోయింది. చూపించలేదని, ఎక్కడుంటాడని అడిగాడు. పోస్టుమాస్టరుగారు కొలను అవతలి చివరన తేలుతున్న ఒక తెల్లజుట్టు తలకాయను చూపించారు. ఆ తలను బాగా చూద్దామని మావాడు ముందుకు వంగాడు. తడిగట్టు. కాలు జారింది. కళ్లద్దాలు ఒకవైపు, డేగ ఒకవైపు నీళ్లలో పడ్డాయి.

వాడికి ఈత రాదు. చేతులు కొట్టాడు, కాళ్లు కొట్టాడు, నీళ్లు తాగాడు, నా పేరు పిలిచాడు, చెల్లెలికి ఏదో చెప్పమన్నాడు. నేను దూకబోతుండగా పోస్టుమాస్టరుగారు వాడి జబ్బ పట్టుకుని నెమ్మదిగా చెప్పారు. "లేచి నిలబడండి."

లేచి నిలబడ్డాడు. నీళ్లు నడుందాకా ఉన్నాయి.

అప్పుడే ఎవరో రక్తమన్నారు. చూస్తే వాడి చుట్టూ నీళ్లు ఎర్రబడుతున్నాయి. ఈదుతున్నవాళ్లంతా గట్టెక్కేశారు. తెల్లజుట్టాయన నిజంగానే డాక్టరు, అదీ చర్మం డాక్టరు. వాణ్ని గట్టుమీద కూర్చోబెట్టి దెబ్బ ఎక్కడ తగిలిందో చూద్దామని తువ్వాలుతో భుజాలు తుడిచాడు. చుక్కలన్నీ తువ్వాలులోకి వచ్చేశాయి.

పోస్టుమాస్టరుగారు ఈత అద్దాలు పైకి తీసి చూశారు. ఆయన ముఖం పాలిపోయింది.

"మీరు అమ్మాయి మేనమామగారు కదూ? ఈ చుక్కలు... నన్ను వెక్కిరించడానికా?"

పెళ్లి అక్కడే, ఆ తడి గట్టుమీదే, ముగిసిపోయిందనుకున్నాను. మావాడు నోరు తెరిచాడు గానీ నీళ్లు తప్ప ఏమీ రాలేదు.

డాక్టరు మాత్రం తన పని తాను చేసుకుపోతున్నాడు. బనీను ఎత్తి పొట్ట తుడిచాడు. మళ్లీ తుడిచాడు. గట్టిగా రుద్దాడు.

"ఇవి పోవడం లేదే" అన్నాడు. "అసలువే."

మావాడి బొజ్జ కిందిభాగంలో, వాడికి ఎన్నడూ కనిపించని చోట, ఎర్రచుక్కలు ఒకదాని పక్కన ఒకటి కొలువుతీరి ఉన్నాయి. నేను వెతికి ఇచ్చిన కళ్లద్దాలు పెట్టుకుని, బొజ్జను రెండు చేతులతో పైకెత్తి చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు.

డాక్టరు అందరికీ వినబడేలా చెప్పాడు. వయసు పైబడేకొద్దీ చర్మంలోని సన్నటి రక్తనాళాలు ఉండకట్టి ఇలా ఎర్రగా కనిపిస్తాయట. ముప్పై, నలభై దాటాక చాలామందికి వస్తాయట. నొప్పి ఉండదు, అంటుకోదు, మందు అక్కర్లేదు. రక్తం కారినా రంగో ఆకారమో మారినా అప్పుడు ఒకసారి చూపించుకుంటే చాలు. చుట్టూ ఉన్నవాళ్లు తమతమ చుక్కలు ఒకరికొకరు చూపించుకోవడం మొదలుపెట్టారు. ఇనపకొట్టు పెద్దాయన తన వీపుమీదివి ఎవరికైనా కనిపిస్తున్నాయా అని తిరిగి తిరిగి అడిగాడు.

పోస్టుమాస్టరుగారు మావాడి పక్కన కూర్చున్నారు. మెడమీద మొదటి చుక్క వచ్చినప్పుడు ఏదో పెద్ద జబ్బేనని ఎంతో భయపడ్డారట. ఏమీ కాదని డాక్టరు చెప్పాక ఆ భయం పోయింది గానీ ఇంకో భయం పట్టుకుంది.

"మీవాళ్లు చూసి మా వంశంలో ఏదో రోగం ఉందనుకుంటారేమోనని ఎండల్లో కూడా నిండు చేతులు వేసుకున్నాను. మీరు ఫోన్లు ఎత్తడం మానేశాక, చూసేశారనే అనుకున్నాను."

మావాడు తలవంచుకున్నాడు. వాడు తలవంచుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. కాసేపటికి ఆయన చెయ్యి పట్టుకుని, మావాళ్లు అలాంటి మనుషులు కాదు బావగారూ అన్నాడు. ఆ 'బావగారూ' వినగానే పోస్టుమాస్టరుగారి ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది.

ఎవరో రక్తమనగానే నేను వాడి చెల్లెలి ఇంటికి ఫోన్ చేసి ఉన్నాను. తల్లీకూతుళ్లు ఆటోలో పరుగెత్తుకొచ్చారు. వచ్చేసరికి ఇద్దరు పెద్దమనుషులూ తువ్వాళ్లు కప్పుకుని పక్కపక్కన కూర్చుని టీ తాగుతున్నారు. చెల్లెలు అన్నయ్యను తడిమి చూసి, బతికే ఉన్నాడని నమ్మకం కుదిరాక ఏడ్చింది. అమ్మాయి ఏడవలేదు. నడుంమీద చేతులు పెట్టుకుని ఎదురుగా నిలబడింది.

"ఏం మామయ్యా, ముఠా సంగతి తేలిందా?"

మావాడు తువ్వాలు సర్దుకుని, గొంతు సవరించుకుని, గంభీరంగా తలాడించాడు.

"లోపలికంటా వెళ్లి విచారించానమ్మా. కంగారేం లేదు. అంతా మనవాళ్లే."