మొనచెవులవారి పుట్టుపూర్వోత్తరాలు

ఆ ఆదివారం ఉదయం కళ్ళజోళ్ళాయన పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. బాల్కనీలో కుర్చీ వేసుకోవడం, కాలు మీద కాలు వేసుకోవడం, ఎవరూ పలకరించకుండా పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుకోవడం. వారమంతా షాపులో "ఈ అక్షరం కనిపిస్తోందా? పోనీ, ఇది?" అంటూ పరాయివాళ్ళ చేత చదివించే మనిషి, ఒక్క రోజు తన కోసం తాను చదువుకోవాలనుకోవడం అత్యాశేమీ కాదు.

ఆయన భార్య పళ్ళ డాక్టరు. కళ్ళు ఆయనవి, పళ్ళు ఆవిడవి కావడంతో, ఊళ్ళో వాళ్ళ ముఖాలన్నీ ఆ ఇంటివాళ్ళే పంచుకున్నారని వీధిలో వేళాకోళం చేసేవారు. పళ్ళ నొప్పికి ఆదివారమని ఉండదు కాబట్టి ఆవిడ క్లినిక్కుకు వెళ్ళింది. ఇంట్లో మిగిలింది ఆయనా, మూడో తరగతి చదివే కూతురూ. ఆ పిల్లకు బళ్ళో చక్కటి పేరే రాయించారు గానీ, అందరూ పిలిచేది పిడుగని. ఎందుకని ఎవరూ అడగరు. ఒక్కసారి చూస్తే అర్థమవుతుంది.

మొదటి పేజీ సగమైనా కాకముందే పిడుగు పడింది. చేతిలో బొమ్మల పుస్తకం ఉంది.

"నాన్నా, వీళ్ళెవరు? చెవులేంటి, ఇలా మొనదేలిపోయాయి?"

"ఎల్ఫులమ్మా. అడవుల్లో ఉండే ఒక జాతి. మొనచెవులవాళ్ళు."

"ఎక్కణ్ణుంచి వచ్చారు? వాళ్ళ అమ్మానాన్నలకీ ఇవే చెవులా? వాళ్ళకి దేవుడున్నాడా? ఆయనక్కూడానా?"

సమాధానం చెప్పందే పేపరు చదవనివ్వదని ఆయనకు అనుభవం మీద తెలుసు. పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టాడు.

"అనగనగా ఒక కొండ. లోకంలో ఇంకెవరూ లేరు. ఉండబట్టలేక 'ఎవరైనా ఉన్నారా?' అని అరిచింది. ఆ అరుపు ఎదురుకొండకి తగిలి తిరిగొచ్చింది. వచ్చేసరికి దానికి కాళ్ళూ చేతులూ మొలిచాయి. వాళ్ళే మొనచెవులవాళ్ళు. ప్రతిధ్వనికి పుట్టారు కాబట్టి, వాళ్ళకి వినడమే పని."

"ఎదురుకొండ ఉందన్నావుగా? మరి ఎవరూ లేరంటావేంటి?"

"ఆ రెండు కొండలకీ మాటల్లేవమ్మా."

"ఎందుకని?"

"అన్నదమ్ములు."

పిడుగు ఆ జవాబుతో తృప్తిపడింది. కళ్ళజోళ్ళాయనకు ధైర్యం వచ్చింది. వాళ్ళ దేవుడి పేరు మౌనమన్నాడు. ఎండ బాల్కనీ గడప దాటేదాకా చేతులు చెవుల వెనక పెట్టుకుని, ఒక్క మాట కూడా మాట్లాడకుండా కూర్చోవడమే వాళ్ళ పూజ అన్నాడు. మాట్లాడితే చెవుల మొనలు అరిగిపోతాయని కూడా చెప్పాడు.

పిడుగు వెంటనే చెవుల వెనక చేతులు పెట్టుకుని కూర్చుంది. ఆయన ఆ రోజు పేపర్లో అద్దె ఇళ్ళ ప్రకటనలు కూడా చదివేశాడు.

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కానీ ఆశకు అంతుండదు కదా! తలుపులు దభేలున వేయకుండా ఉండాలని, మొనచెవులవాళ్ళు ఏ వస్తువునైనా అనుమతి అడిగి గానీ ముట్టుకోరన్నాడు. తిన్న కంచం తామే కడుక్కుంటారన్నాడు. చాక్లెట్టులో సగం ఇంటిపెద్దకు ఇస్తారన్నాడు. పిడుగు ప్రతిదానికీ తల ఊపి, రాత్రికల్లా తన వంతుగా రెండు ఆచారాలు చేర్చింది. వాళ్ళు డాన్సు ఒంటికాలి మీదే చేస్తారట. కోపం వస్తే పాట పాడతారట.

"మరి చచ్చిపోతే ఏమవుతారు నాన్నా?"

ఆయన కాస్త ఆలోచించాడు. "మళ్ళీ ప్రతిధ్వనైపోతారు. కొండల్లో మనం ఎవర్నైనా పిలిస్తే, తిరిగి పలికేది వాళ్ళే."

ఆ మాట ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. చెప్పాక బాగుందనిపించింది. పిడుగు నిద్రపోయాక కూడా కాసేపు దాని గురించే ఆలోచిస్తూ కూర్చున్నాడు.

సోమవారం బళ్ళో టీచరు హాజరు పిలిచింది. ఒక్కరూ పలకలేదు. తల ఎత్తి చూస్తే, తరగతిలో పిల్లలంతా చెవుల వెనక చేతులు పెట్టుకుని కూర్చున్నారు. టీచరు కంగారుపడి నర్సును పిలిచింది. నర్సు చెవుల్లోకి టార్చిలైటు వేసి చూసి, ఏమీ కనిపించకపోవడంతో ఇంకా కంగారుపడి, ఇదేదో అంటువ్యాధి అంది. మధ్యాహ్నానికల్లా పిల్లల చెవులు పరీక్ష చేయించమని తల్లిదండ్రులందరికీ ఫోన్లు వెళ్ళాయి. అప్పటికి ఎండ తరగతి గడప దాటింది. పిల్లలకు మాటలొచ్చాయి.

"జబ్బు కాదు టీచర్, పూజ."

"ఏం పూజ? ఏ మతం?"

"పిడుగువాళ్ళ మతం."

మర్నాడు హెడ్మిస్ట్రెస్‌ కళ్ళజోళ్ళాయనను పిలిపించింది. చీవాట్లు తప్పవనుకుని వెళ్ళాడాయన. ఆవిడ లేచి నిలబడి మరీ కుర్చీ చూపించింది.

"మీ విశ్వాసాన్ని మేం తప్పుపట్టడం లేదండీ. ముందే ఒక మాట చెప్పుంటే హాజరు కాస్త ఆలస్యంగా తీసుకునేవాళ్ళం కదా!"

కళ్ళజోళ్ళాయన నిజం చెబుదామని నోరు తెరిచాడు. గుమ్మం దగ్గర పిడుగు నిలబడి తననే చూస్తోంది. నువ్వు నమ్మిందంతా పేపరు కోసం అల్లిన కట్టుకథ అని ఆ కళ్ళ ముందు ఎలా చెప్పడం?

"చిన్న... చాలా చిన్న జాతండీ," అన్నాడు.

"అయ్యో! అంతరించిపోతున్నారా?" ఆవిడ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. "శుక్రవారం బడి మొత్తాన్నీ కూర్చోబెడతాను. మీరు వచ్చి మాట్లాడాలి. పుట్టుపూర్వోత్తరాలు, ఆచారాలు, అన్నీ."

సాయంత్రం భార్య క్లినిక్కు నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా హాల్లో నిలబడింది.

"ఏవండీ, మనం మతం మారినట్టు నాకెప్పుడు చెబుదామనుకున్నారు?"

"ఎవరన్నారు?"

"పన్ను పీకించుకోవడానికొచ్చినావిడ. నోట్లో దూది పెట్టుకుని మరీ అడిగింది."

ఆయన జరిగిందంతా చెప్పాడు. ఆవిడ మొదట తల పట్టుకుంది. తర్వాత నవ్వింది. ఆ తర్వాత మళ్ళీ తల పట్టుకుంది. "చెవిలో పువ్వులు పెట్టేవాళ్ళని చూశాను గానీ, బడి మొత్తానికి పూలతోట వేసినవాళ్ళని మిమ్మల్నే చూస్తున్నా. శుక్రవారం వెళ్ళి నిజం చెప్పేయండి."

"పిడుగు తట్టుకోలేదేమో."

"ఇవాళ కాకపోతే రేపైనా తెలుస్తుంది. మీ నోటితోనే తెలియనీండి."

ఈలోగా పక్క వాటా గుండు రంగంలోకి దిగాడు. వాడు పిడుగు తరగతే. వేసవిలో గీయించుకున్న జుట్టు ఎప్పుడో పెరిగినా, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. పిల్లలు కాగితంతో చేసి తగిలించుకుంటున్న మొనచెవులు పైకి కాదు, కిందికి ఉండాలని వాడి సిద్ధాంతం. కొండ నేల మీదే ఉంటుంది కాబట్టి నేలకేసి వినాలట. బుధవారానికి బడి మైదానం రెండుగా చీలింది. పైచెవులవాళ్ళూ, కిందచెవులవాళ్ళూ ఒకరి కాగితం చెవులు ఒకరు పీకేసుకున్నారు. రాత్రికి గుండు తండ్రి తలుపు కొట్టాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి. పైకీ కిందికీ గొడవలు ఆయనకు కొత్త కాదు.

"మావాడి మనోభావాలు దెబ్బతిన్నాయండీ."

"మీవాడికి మనోభావాలెప్పట్నుంచీ?"

"నిన్నట్నుంచి."

కళ్ళజోళ్ళాయన పెద్దమనిషి తరహాలో తీర్పు చెప్పాడు. ఒక చెవి పైకి పెట్టుకోండి, ఒక చెవి కిందికి పెట్టుకోండి, సరిపోతుందన్నాడు. గురువారానికి బళ్ళో మూడో వర్గం తయారైంది.

శుక్రవారం వచ్చింది. పెద్ద హాలు కిక్కిరిసి ఉంది. ముందు వరసల్లో టీచర్లు, నర్సు, కొందరు తల్లిదండ్రులు, వెనక పిల్లలు. ఎటు చూసినా కాగితం చెవులే. హెడ్మిస్ట్రెస్‌ మైకు ముందు నిలబడి, అంతరించిపోతున్న ఒక జాతి ప్రతినిధి మన మధ్య ఉండటం మన అదృష్టమంది. అందరూ చప్పట్లు కొట్టారు. కళ్ళజోళ్ళాయన కాళ్ళీడ్చుకుంటూ లేచాడు. కూతురి వైపు చూస్తే మాట రాదని గోడ మీది గడియారాన్నే చూస్తూ మాట్లాడాడు.

"నన్ను క్షమించండి. మొనచెవులవాళ్ళనేవాళ్ళు ఎక్కడా లేరు. నేను పేపరు చదువుకోవడానికి మా అమ్మాయిని కూర్చోబెట్టాలని ఈ కథ కట్టాను. కొండా లేదు, ప్రతిధ్వనికి పుట్టినవాళ్ళూ లేరు. అంతా ఆట."

హెడ్మిస్ట్రెస్‌ కుర్చీలో కూలబడింది. "లేరా? నిన్ననే కదండీ, వాళ్ళ కోసం స్టాఫంతా రెండు నిమిషాలు లేచి నిలబడ్డాం!" నర్సు, తన చెవులు కూడా పరీక్ష చేయించుకున్నానని గొణిగింది. గుండు తండ్రి, మరి మా మనోభావాల సంగతేంటని లేచాడు.

పిల్లల వరసల్లోంచి గుండు గట్టిగా అరిచాడు.

"అవుట్!"

"అవుట్! అవుట్!" హాలంతా దద్దరిల్లింది. పైచెవులు, కిందచెవులు, మధ్యేమార్గంవాళ్ళు అందరూ ఒక్క గొంతుతో అరిచారు. ఆ వారంలో మూడు వర్గాలూ ఒప్పుకున్న మొదటి విషయం అదే.

కళ్ళజోళ్ళాయన వేదిక దిగి, గుండె చిక్కబట్టుకుని కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఏడుస్తుందేమో అనుకున్నాడు. పిడుగు ముఖంలో ఏడుపు లేదు. పట్టరాని కోపం ఉంది.

"ఎందుకు చెప్పావు నాన్నా?"

"నిన్ను మోసం చేశాను కదమ్మా. ఎప్పటికైనా నీకు తెలిస్తే..."

"ఎల్ఫులు లేరని నాకు తెలీదా? మూడో తరగతి నేను!"

"తెలుసా? మరి ఇన్నాళ్ళూ..."

"ఆడుకుంటున్నాం. అందరికీ తెలుసు. గుండుక్కూడా తెలుసు. హెడ్మిస్ట్రెస్‌ టీచరే బాగా నమ్మేశారు, పాపం. ఆవిడ బాధపడతారని మేమెవరం చెప్పలేదు."

ఆయన చుట్టూ చూశాడు. టీచర్లు, నర్సు, గుండు తండ్రి, హాల్లో ఉన్న పెద్దవాళ్ళందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్నారు. పిల్లలు వాళ్ళ వైపు జాలిగా చూస్తున్నారు. ఇన్నాళ్ళూ బాధపడకుండా తాము కాపాడాలనుకున్న పిల్లలే తమను కాపాడుకుంటూ వచ్చారని ఆయనకు అప్పుడర్థమైంది. గుండెల మీంచి బరువు దిగింది. సిగ్గు మాత్రం మిగిలింది.

హెడ్మిస్ట్రెస్‌ ముందుగా తేరుకుంది. మెల్లగా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, ఆయనను దాటుకుని పిడుగుతో మాట్లాడింది.

"అమ్మా, హోంవర్కు గురించి మీవాళ్ళ మతంలో ఏమైనా ఉందా?"

"లేదు టీచర్. మాట్లాడుకుని చెబుతాం."

పిల్లలు కాగితం చెవులు సర్దుకుని మైదానంలోకి పరిగెత్తారు. పిడుగు కూడా బయల్దేరింది. కళ్ళజోళ్ళాయన వెనకే రెండడుగులు వేశాడు. ఇంత జరిగాక నిజంగానే ఆయనకు ఆ ఆటలోకి వెళ్ళాలనిపించింది.

"నేనూ రానా?"

"ఆట మధ్యలో ఇది ఆట అన్నవాళ్ళు అవుట్ నాన్నా. బయటే ఉండాలి."

"ఎప్పటిదాకా?"

పిడుగు ఆలోచించింది. తండ్రి కాబట్టి ఉన్నంతలో కనికరించింది.

"నువ్వు కొంచెం పెద్దయ్యేదాకా."

ఆయనకు వచ్చే నెలకు నలభై మూడేళ్ళు నిండుతాయి.