ఈత రాని లబ్ధిదారు

ఒక పెద్ద అడవిలో సింహం పాలన పోయి చాలా కాలమైంది. ఇప్పుడక్కడ కమిటీలు ఏలుతున్నాయి. సింహమైతే ఆకలేసినప్పుడే గర్జించేది. కమిటీలు ప్రతి గురువారమూ సమావేశమవుతాయి.

ఆ అడవి మధ్యలో ఒక వాగు. ఇవతల గుహలూ పొదలూ, అవతల నేరేడు చెట్లూ పచ్చికా. కడుపు నిండాలంటే పిల్లలు రోజూ వాగు దాటాల్సిందే. వానాకాలంలో ఆ వాగు ఎవరి మాటా వినదు. కిందటేడు ఒక జింకపిల్లని లాక్కుపోయింది.

పేరిందేవమ్మ అనే నీటికుక్క తొమ్మిదేళ్ళుగా పిల్లలకు ఈత నేర్పుతోంది. జీతం లేదు, బోర్డు లేదు. పిల్లలంతా ఆవిణ్ణి అత్తా అని పిలుస్తారు. జింకపిల్ల పోయిన రోజు నుంచి ఆవిడకి కంటి మీద కునుకు లేదు. ఎంత ఈత వచ్చినా, వరదలో పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఒక గట్టి తాడు కడితే చాలు. అంత పొడుగు తాడు కమిటీ గోదాములో తప్ప ఎక్కడా లేదు.

సరిగ్గా అప్పుడే కమిటీ వారు స్థానిక యువజన కార్యక్రమాలకు సాయం చేస్తామని ప్రకటించారు. పేరిందేవమ్మ తడి ఒంటితోనే ఆఫీసుకి పరుగెత్తింది. గుమాస్తా నక్క గవర్రాజు దరఖాస్తు చదివి ఆవిడ వంక జాలిగా చూశాడు.

నడుస్తున్న కార్యక్రమానికి సాయం ఇవ్వరట. నడుస్తోందంటే సాయం అక్కర్లేదనే కదా. పోనీ ఆపేసి వస్తానంటే, ఆగిపోయినదానికి అసలే ఇవ్వరట. నడపడం చేతకాదని తేలిపోయింది కాబట్టి.

"మరి ఎవరికిస్తారు నాయనా?" అంది పేరిందేవమ్మ.

"ఇంకా మొదలుపెట్టని వాళ్ళకండి. వాళ్ళ మీద ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు కూడా లేదు."

గవర్రాజు చెడ్డవాడేం కాదు. వాడి పిల్లలిద్దరూ ఆవిడ దగ్గర ఈత నేర్చుకున్నవాళ్ళే. అందుకని ఒక ఉపాయం చెప్పాడు. పాత ఈతబడికి 'యువ జల చైతన్య శిబిరం' అని పేరు పెట్టి, కొత్తగా మొదలవుతున్నట్టు రాశాడు. ఇక తనిఖీకి కమిటీ వచ్చినప్పుడు పిల్లలకు ఈత రానట్టు కనిపించాలి.

"లబ్ధిదారులకు ముందు ఏమీ రాకూడదు, తర్వాత అన్నీ రావాలి. ఆ మధ్యలో కమిటీ కనపడాలండి," అన్నాడు.

ఆవిడకి అబద్ధం మింగుడు పడలేదు. కానీ బయట మబ్బులు పడుతున్నాయి. సరేనంది.

వారం రోజుల పాటు పన్నెండు మంది పిల్లలకు మునగడం నేర్పింది. ఈత నేర్పడమే నయమనిపించింది. కోతిపిల్ల దాసు చక్కగా మునిగినట్టే మునిగి, అలవాటు కొద్దీ వెల్లకిలా తేలేవాడు.

తనిఖీ రోజున కమిటీ సభ్యులతో అధ్యక్షులు వరహాలరావు గారు వేంచేశారు. ఆయన నెరిసిన గడ్డం ఉన్న ముసలి కొండముచ్చు. పదిహేనేళ్ళుగా యువజన విభాగానికి ఆయనే అధ్యక్షులు. మెడలో దండతో ఒడ్డున నిలబడి యువత సాహసం గురించి గంటసేపు మాట్లాడారు. ఆ తర్వాత పేరిందేవమ్మ సైగ చేసింది.

పన్నెండు మందీ నీళ్ళలో దిగి మునగడం మొదలుపెట్టారు. ఎంత బాగా మునిగారంటే, సంగతి తెలిసిన తల్లులే గుండెలు బాదుకున్నారు. వరహాలరావు గారికి ఉపన్యాసాల పిచ్చి ఉన్నా మనసు మాత్రం వెన్న. తనకి ఈత రాదన్న సంగతి గుర్తొచ్చే లోపే దండతో సహా దూకేశారు.

ఆయన నిజంగానే మునిగారు. పిల్లలు కాసేపు ఆయన్ని కళ్ళప్పగించి చూశారు.

"అత్తా, తాతగారు మనకన్నా బాగా చేస్తున్నారు," అన్నాడు దాసు.

పేరిందేవమ్మ ఈల వేసింది. అంతే, పన్నెండు మందీ చేపల్లా దూసుకెళ్ళి, ఆయన తోక పట్టుకుని ఒడ్డుకి లాక్కొచ్చారు. ఒక్కరికీ ఆయాసం కూడా రాలేదు. అదే కొంప ముంచింది.

పిల్లలకు ఈత వచ్చు కాబట్టి వీళ్ళు లబ్ధిదారులు కారని సభ్యులు అక్కడికక్కడే తేల్చేశారు. దరఖాస్తు మీద కొట్టివేత గీత పడబోతోంది. అప్పుడు పేరిందేవమ్మ నోరు విప్పింది.

"ఈత రావడం తప్పయితే తప్పేనండి. కానీ కిందటేడు పోయిన పిల్లకీ ఈత వచ్చు. నేనే నేర్పాను. పట్టుకోవడానికి తాడు లేకే కొట్టుకుపోయింది."

దరఖాస్తులో ఆ మాట రాసుకునే గడి లేదు. గవర్రాజు తల వంచుకుని మార్గదర్శకాలు మొదటి నుంచి చివరిదాకా తిరగేశాడు. తర్వాత మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, ఈత రానివారు ఇక్కడ ఒకరున్నారు. యువజన అధ్యక్షులు కనుక వారు యువకులే అవుతారు."

వరహాలరావు గారు తోక పిండుకుంటూ కాస్త ఆలోచించారు. సన్మానం కూడా ఉంటుందా అని మాత్రం అడిగారు. ఉంటుందన్నారు. తీర్మానం ఏకగ్రీవమైంది.

మర్నాడే తాడు వచ్చింది. వరహాలరావు గారు రెండు రోజులు ఈతకొచ్చారు. మూడో రోజు నీళ్ళు చల్లగా ఉన్నాయని మానేశారు. తాడు మాత్రం అక్కడే ఉంది. ఆ నెలలోనే వరద ముంచెత్తింది. పన్నెండు మందీ రోజూ తాడు పట్టుకుని వెళ్ళారు, తాడు పట్టుకుని వచ్చారు. ఆ ఏడు ఏ తల్లీ ఏడవలేదు.

ఏడాది చివర గవర్రాజు నివేదిక రాశాడు. లబ్ధిదారు ఒక్కరు, ఆయనకి ఇంకా ఈత రాలేదు. అవసరం తీరలేదు కాబట్టి కమిటీ తాడు సాయాన్ని మరో ఏడాది పొడిగించింది. వరహాలరావు గారు ఎప్పుడైనా పొరపాటున నేర్చేసుకుంటారేమోనని పేరిందేవమ్మకి ఇప్పుడు ఒకటే బెంగ.

నీతి: పిల్లలకు సాయం అందాలంటే వాళ్ళు బాగా ఈదితే చాలదు, పెద్దల్లో ఒకరికైనా ఈత రాకుండా చూసుకోవాలి.