అతిథుల గదిలో పెంపుడు చెదలు

ఇంట్లో పిల్లి ఉంటే ఈ రోజే ఎవరికైనా ఇచ్చేయండి. డాబా మీద పావురాలు పెంచుతున్నారా? బియ్యం కూరి వండుకుని తినేయండి. పెంచుకోవడానికి ఈ భూమ్మీద చెదలను మించిన ప్రాణి లేదని ఈజిప్టులో నైలు ఒడ్డున ఎస్నా పట్నంలో, మా మట్టి ఇటుకల ఇంట్లో కూర్చుని బల్ల గుద్ది చెబుతున్నాను. నెమ్మదిగానే గుద్దాను, బల్ల కూడా వాటిదే.

నవ్వకండి! చెద మొరుగుతుందా? కరుస్తుందా? సోఫా మీద వెంట్రుకలు రాలుస్తుందా? (సోఫానే రాలుస్తుంది, అది వేరే సంగతి.) లక్షల ప్రాణులు ఒకే కప్పు కింద ఉంటాయి, ఒక్కనాడూ మాటా మాటా అనుకోవు. మా ఇంట్లో ఉన్నది ముగ్గురం, ఫోన్ చార్జర్ కోసం రోజూ యుద్ధమే! తిండికి గిన్నె పెట్టే పని కూడా లేదు. ఉన్నచోటే తింటాయి, తిన్నచోటే ఉంటాయి.

పైగా మావి ఆషామాషీ చెదలు కావు. అతిథుల గదిలో ఉంటాయి!

మా ఆవిడ ఇన్సాఫ్‌తో పాటు సోఫాలకు పేరుమోసిన దమియెట్టా నుంచి వచ్చిన బంగారు పూత సోఫా, కుర్చీలు ఆ గదిలో ఉన్నాయి, ప్లాస్టిక్ కవర్లతో సహా. తాళంచెవి ఇన్సాఫ్ మెడలో ఉంటుంది. పెళ్లయి ఇరవై ఏళ్లు దాటింది, ఆ కుర్చీల్లో నేను ఒక్కసారి నడుం వాల్చింది లేదు. అడిగితే ఏమంటుందో తెలుసా?

"అవి వచ్చేవాళ్లకు, రావ్యా నాన్నా! నువ్వెక్కడికీ పోనే పోవు, ఇంక రావడమేమిటి?"

మరి వచ్చేవాళ్లు కూర్చుంటారా? "ఎందుకమ్మా తాళం తీయడం, మేమేమన్నా కొత్తా" అని వంటగది పక్కన పీట మీద కూర్చుని, ఎర్రటి కర్కదే షర్బతు తాగి పోతారు. మేం ముగ్గురం, అంటే నేను, ఇన్సాఫ్, మా అమ్మాయి రావ్యా, వెనక గదిలో మోకాళ్లు తగిలేలా కూర్చుని టీవీ చూస్తాం. ఇంటికంతటికీ మంచి గది మాత్రం చీకట్లో అతిథుల కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

చివరికి అతిథులు వచ్చారు! పిలవకుండా, తాళం తీయమనకుండా, కింద నేలలోంచి.

నాకు ఎలా తెలిసిందంటే, ఈద్ ముందు దుమ్ము దులపడానికి ఇన్సాఫ్ నన్ను లోపలికి పంపింది. ఆ గదిలోకి నాకు చీపురు ఒక్కటే టికెట్టు. ఒక కుర్చీ కాలి మీద బొటనవేలు ఆనించాను, వేలు లోపలికి దిగిపోయింది. లోపల కర్ర లేదు. బంగారు పూతను మాత్రం ముట్టుకోలేదు. ఎంత మర్యాదస్తులో చూడండి!

"మందు కొట్టేవాణ్ణి పిలుస్తాను" అన్నాను.

"నీకేమన్నా మతి పోయిందా? భుజాన పంపు వేసుకుని వాడు మన గుమ్మం ఎక్కితే వీధంతా చూడదూ? చెదల కొంప అంటారు. పరువు నైలులో కలిసిపోతుంది. పిల్ల సంబంధం తప్పిపోతే నువ్వు తెస్తావా ఇంకోటి?"

రావ్యాకు నస్రీ అంటే ప్రాణం. బడిపంతులు, నెమ్మదైన కుర్రాడు. వాళ్లవాళ్లు ఫాతిహా చదివి మాట ఖాయం చేసుకోవడానికి వస్తామని కబురు చేసి ఉన్నారు. పిల్ల ముఖం గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. ఆ క్షణం నుంచి నేను చెదల పెంపకందారుణ్ణి.

పెంపకం అంటే తేలిక కాదు సుమా! గోడ మీద మట్టి దారి పాకినప్పుడల్లా ఇన్సాఫ్ దాని మీద ఒక క్యాలెండరు తగిలించింది. వాటినీ తిన్నాయి. వేసవి నెలల్ని అవి రాకముందే తినేశాయి. మా ఎండల్లో ఇంతకన్నా మేలు ఎవరు చేస్తారు?

ఆ రోజు రానే వచ్చింది. నస్రీ, అతని తల్లి తఫీదా, మేనమామ హాజీ ఖలాఫ్ వచ్చారు. హాజీ గారు బాగా ఒళ్లున్న మనిషి. ఇన్సాఫ్ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఆ గదిలోకి ఎందుకు అన్నయ్యగారూ! మీరేమన్నా పరాయివాళ్లా? ఇలా వెనక గదిలోకి రండి."

హాజీ గారి ముఖం మాడిపోయింది. "ఏమ్మా, ఆ గదికి మేం తగమా?"

ఇంక తాళం తీయక తప్పుతుందా? హాజీ గారు అన్నిటికన్నా పెద్ద కుర్చీ చూసుకుని కూర్చున్నారు. కూర్చుని, అలాగే నెమ్మదిగా నేల దాకా దిగిపోయారు. పెద్ద చప్పుడు కూడా రాలేదు. పొడి లేచింది. ప్లాస్టిక్ కవరు మాత్రం చెక్కుచెదరలేదు.

తలుపు దగ్గర ట్రేతో నిలబడ్డ రావ్యా కళ్లలో నీళ్లు తిరిగాయి. తఫీదా వంగి, చిటికెడు పొడి తీసి వేళ్ల మధ్య నలిపి చూసింది.

"వదినా, ఇవి మా వాటికన్నా బాగా బలిశాయే! మీరు వచ్చినప్పుడల్లా డాబా మీద గాలి బాగుంటుందని పైకి తీసుకెళ్లేదాన్ని కదా, నిజంగా గాలి కోసమే అనుకున్నారా?"

ముందు ఇన్సాఫ్ నవ్వింది, తర్వాత అందరం నవ్వాం. "నవ్వింది చాలు, ముందు నన్ను లేపండర్రా!" అని కింద నుంచి హాజీ గారు కేకేశారు.

ఆ గదిలోనే చాప పరిచి ఫాతిహా చదివాం. తేనె వేసుకుని రొట్టెలు తిన్నాం. ఎవరో కిటికీ తీశారు. ఆ కిటికీలోంచి నైలు కనిపిస్తుందని, పడవ తెరచాపలు కనిపిస్తాయని నాకు అప్పుడే తెలిసింది. నా ఇంట్లోంచే! ఇన్సాఫ్ నా పక్కన కూర్చుని చాలాసేపు అటే చూసింది, లేవమని ఎవర్నీ అనలేదు. ఇప్పుడు చెప్పండి, ఏ కుక్క, ఏ పిల్లి నాకు ఇంత ఉపకారం చేస్తుంది?

కథ ఇక్కడ ఆపితే బాగుండేది. పోయిన వారం తల్లీకూతుళ్లు కొత్త కాపురానికి సోఫా సెట్ ఎంచుకొచ్చారు. అదే బంగారు పూత. ప్లాస్టిక్ కవర్లు తీయొద్దని షాపువాడికి ఒట్టు పెట్టి మరీ చెప్పారు. "మనం దాంట్లో కూర్చోవచ్చా?" అని నస్రీ భయంభయంగా అడిగాడు.

"అవి వచ్చేవాళ్లకు!" అంది నా కూతురు. తాళంచెవికి దారం కూడా అప్పుడే కొనుక్కుంది.

పాపం, కుర్రాడు! నేను అడ్డు చెప్పలేదు. ఎవరూ చూడకుండా ఆ విరిగిన కుర్చీ కాలిని చెదలతో సహా మెత్తటి గుడ్డలో చుట్టి, పెళ్లికూతురి పెట్టెలో అన్నిటికన్నా అడుగున పెట్టాను. నాలాగా అల్లుడు ఇరవై ఏళ్లు ఆగక్కర్లేదు.