మొదటి పేజీ లేని రెజ్యూమే

ఉదయం ఎనిమిదికి రెజ్యూమే ప్రింటు తీసుకోవాలి. ఎనిమిదింపావుకు టై కట్టుకోవాలి. తొమ్మిదికి బయల్దేరి, పదకొండింటికల్లా ఊరికి ఆ చివరనున్న వేరే కంపెనీలో ఇంటర్వ్యూకు కూర్చోవాలి. ఇంతే పథకం. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుందని మీరు అడగవచ్చు. మన జూనియర్ కూడా అలాగే అనుకున్నాడు.

జూనియర్ అంటే కుర్రవాడనుకునేరు. అతనికి ముప్పై తొమ్మిదేళ్ళు. చెవుల పక్కన జుట్టు నెరిసింది, కూతురు ఎనిమిదో తరగతి చదువుతోంది. ఏడేళ్ళ క్రితం 'జూనియర్ డెవలపర్' అని రాసిన చిన్న పలకను అతని బల్ల మీద పెట్టారు. అది నేటికీ కదల్లేదు. కంపెనీలోని రెండు వేల మందిలో ఎవరు ఎప్పుడొచ్చారు, ఎప్పుడెళ్ళారు, ఎవరు సెలవులో ఉన్నారు అన్నదంతా చూసుకునే హాజరు సిస్టమ్ అతని చేతిలోనే ఉంది. సీనియర్‌ను చెయ్యమని అతను మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ మేనేజర్ ప్రేమగా భుజం తట్టి ఒకే మాట అన్నాడు: "నువ్వు పైకెళ్ళిపోతే దీన్ని ఎవరు చూస్తారయ్యా?" బాగా పనిచేసినందుకు పడిన శిక్ష ఇదని జూనియర్‌కు అర్థమైంది. ఎవరితో చెప్పుకోవాలో మాత్రం అర్థం కాలేదు.

చెప్పుకోకపోయినా వినడానికి ఇంట్లో ఒక బామ్మర్ది ఉన్నాడు. ఏడేళ్ళలో తొమ్మిది కంపెనీలు మారిన ఘనుడు. కాబట్టి ఉద్యోగాల విషయంలో సలహా చెప్పే హక్కు ఈ భూమ్మీద తనొక్కడికే ఉందని అతని నమ్మకం.

"ఒకే చోట కూర్చుంటే కుర్చీకీ నీకూ తేడా తెలీదు బావా," అన్నాడు. "బయట ఒక ఆఫర్ లెటర్ సంపాదించు. తెచ్చి మీ మేనేజర్ ముందు పడెయ్. ఎలా దిగొస్తాడో చూడు. ఇంటర్వ్యూలో మాత్రం మూడు సంగతులు గుర్తుపెట్టుకో. 'మేము చేశాం' అనకు, 'నేను చేశా' అను. తెలీదని చచ్చినా చెప్పకు. ఎందుకు మానేస్తున్నావంటే కొత్తవి నేర్చుకోవాలనుందను. అంతేగానీ మేనేజర్ మీద పడి ఏడవకు."

రెజ్యూమే కూడా అతనే దగ్గరుండి రాశాడు. మూడు పేజీలు వచ్చింది. అందులో ఉన్న మహానుభావుడు ఎవరో తెలియక జూనియర్ రెండుసార్లు పైకి పోయి పేరు చూసుకున్నాడు.

సరే, ఆ ఉదయం ఎనిమిదికి బామ్మర్ది బటన్ నొక్కాడు. ఇద్దరూ చెవులు రిక్కించి నిలబడ్డారు. ఏ చప్పుడూ లేదు.

"ప్రింటయిపోయిందంటోంది బావా."

"అయిపోతే మరి ఎక్కడ?"

వంటింట్లోంచి భార్య తొంగిచూసి, "బీరువా మీదున్న ప్రింటర్ని చూస్తున్నారా? ఇస్త్రీ పెట్టెకి ప్లగ్గు చాలక దాని వైరు పీకి నెల్లాళ్ళయింది," అంది.

జూనియర్‌కు అప్పుడు గుర్తొచ్చింది. లాప్‌టాప్ ఆఫీసుది. దాంట్లో ప్రింటు నొక్కితే కాగితాలు వచ్చేది ఆఫీసు రెండో అంతస్తులో, సరిగ్గా మేనేజర్ గది గుమ్మం పక్కనున్న ప్రింటరులో. మేనేజర్ తొమ్మిదింపావుకు వస్తాడు. ఆయనకు జూనియర్ పొద్దున్నే 'తీవ్రమైన జ్వరం, లేవలేకపోతున్నాను' అని సెలవు సందేశం కూడా పంపేశాడు.

"ఇంకా నిలబడ్డారేం? పరిగెత్తండి!" అంది భార్య.

"నేను తిన్నగా ఆ కంపెనీకెళ్ళి గేటు దగ్గర ఉంటా. నువ్వు కాగితాలు పట్టుకుని అటే వచ్చెయ్," అన్నాడు బామ్మర్ది.

జూనియర్ టైతో, కోటుతో, బుగ్గ మీద ఆరని సబ్బు నురగతో ఆఫీసు గేటు దగ్గర దిగాడు. జేబు తడుముకుంటే ఐడీ కార్డు లేదు. అది రోజూ వేసుకునే చొక్కాతో పాటు ఇంట్లో వంకీకి వేలాడుతోంది. సెక్యూరిటీ అతను ఎగాదిగా చూశాడు. ఏడేళ్ళుగా రోజూ ఆ ముఖాన్ని చూస్తున్నవాడే. టై పైన దాన్ని పోల్చుకోలేకపోయాడు.

"ఇంటర్వ్యూకా సార్? ఎడమ పక్క హాల్లోకి వెళ్ళండి."

ఇంటర్వ్యూలేమిటో జూనియర్‌కు తెలియదు. కానీ ఆ హాలు వెనక మెట్లున్నాయని తెలుసు. అవునన్నట్టు తలూపి లోపలికి నడిచాడు. రెండు నిమిషాల్లో పైకెళ్ళి కాగితాలు తీసుకుని పోదామని ఉద్దేశం.

హాల్లో ఓ పాతికమంది ఒళ్ళో ఫైళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. ఈ మధ్యే చేరిన హెచ్.ఆర్. అమ్మాయి అతను అడుగుపెట్టగానే కోటుకు '27' అని కాగితం అంటించి, ఫోను లాక్కుని బుట్టలో వేసింది.

"నా పేరు..." అని నసిగాడు జూనియర్, ఏం చెప్పాలో తెలియక.

"పేర్లొద్దండీ. హెడ్డాఫీసు నుంచి డైరెక్టర్ మేడమ్ వచ్చారు. చివరిదాకా నంబర్లేనట, పక్షపాతం ఉండకూడదని. పరీక్ష అయ్యేదాకా ఎవరూ బయటికి వెళ్ళకూడదు. కూర్చోండి."

పరీక్షా గిరీక్షా జాన్తానై అని మెట్లవైపు తిరిగాడు. అప్పుడు తలుపు మీది కాగితం కనబడింది. 'సీనియర్ డెవలపర్, హాజరు సిస్టమ్. ఖాళీ: ఒకటి.'

జూనియర్ దాన్ని రెండుసార్లు చదివాడు. తన సిస్టమ్. తను మూడుసార్లు అడిగి లేదనిపించుకున్న పదవి. దానికి ఊళ్ళోవాళ్ళందర్నీ పిలిచారు, తనకు మాట మాత్రం చెప్పలేదు. ఒళ్ళు మండిపోయింది. కాగితాలూ, ప్రింటరూ, పదకొండు గంటలూ అన్నీ మర్చిపోయి, ఖాళీ కుర్చీ ఒకటి చర్రున లాక్కుని కూర్చున్నాడు.

పరీక్షలో ఇరవై ప్రశ్నలు. అన్నీ అతని సిస్టమ్ మీదే. ఆరో ప్రశ్నలో ఇచ్చిన కోడ్ అతను స్వయంగా రాసింది. 'ఇందులో లోపాలెన్ని?' అని అడిగారు. రెండు రాశాడు. కాసేపు బాధపడ్డాడు. న్యాయం న్యాయమే కదా అని మూడోది కూడా రాశాడు. పక్కవాళ్ళు చెమటలు తుడుచుకుంటుండగా పన్నెండు నిమిషాల్లో కాగితం ఇచ్చేశాడు.

ఈలోగా పైన మేనేజర్ వచ్చాడు. ప్రింటరు ట్రేలో రెండు పేజీలున్నాయి. ఆ ప్రింటరు చివరి పేజీని ముందూ, మొదటి పేజీని చివరా వేసే రకం. మూడోదీ రెండోదీ వేశాక కాగితం అయిపోయి, పేరున్న మొదటి పేజీని కడుపులోనే దాచుకుంది. మేనేజర్ నిలబడి చదివాడు. 'రెండు వేల మంది ఆధారపడిన వ్యవస్థను ఏడేళ్ళు ఒంటిచేత్తో నిలబెట్టిన నిపుణుడు. ముగ్గురి పని ఒక్కడై చేస్తూ ఏనాడూ విసుక్కోని సహనశీలి.' ఆయన కళ్ళు చెమర్చాయి. కింద ఇంటర్వ్యూకొచ్చిన వాళ్ళలో ఎవరో ఇక్కడ ప్రింటు తీశారనుకున్నాడు. గబగబా కిందికి దిగి ఆ రెండు కాగితాలూ డైరెక్టరమ్మ చేతిలో పెట్టాడు.

"మేడమ్, వీళ్ళలో ఇతనెవరో వెతికి పట్టుకోండి. ఇలాంటి మనిషి కోసం మూడేళ్ళుగా కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నా. మా దగ్గరా ఉన్నాడొకడు. ఇవాళ జ్వరమట."

ఆయన తిరిగి పైకి వెళుతూ వరండాలో కుర్చీల ముందు నుంచి నడిచాడు. పరీక్ష ముగించి అక్కడ పిలుపు కోసం కూర్చున్న జూనియర్ వంగి, ఆయన మెట్లెక్కేదాకా బూటు లేసు కట్టుకుంటూనే ఉన్నాడు. అవి లేసుల్లేని బూట్లు.

పదిన్నరకు ఇరవై ఏడో నంబరును లోపలికి పిలిచారు. డైరెక్టరమ్మ నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆవిడ బల్ల మీద రెండు కాగితాలున్నాయి. పొద్దుటి నుంచి ఏ కాగితాల కోసం ప్రాణం మీదికి తెచ్చుకున్నాడో అవే!

"పరీక్షలో మీరే మొదట వచ్చారు. ఇది కూడా మీదేనా?"

"నాదేనండి," అంటూ చెయ్యి చాపాడు. ఆవిడ కాగితాలు తన వైపుకు జరుపుకుంది.

"ఒంటిచేత్తో నిలబెట్టారా?"

అబద్ధం ఆడదామని నోరు తెరిచాడు. రాలేదు. "అది మా బామ్మర్ది రాశాడండి. ఇద్దరం మొదలుపెట్టాం. ఇంకొకతను మానేశాడు, నేను మిగిలిపోయా. మిగిలిపోవడం గొప్పేం కాదు కదండీ."

"ఒక ఉదయం రెండు వేల మందీ రాలేదని సిస్టమ్ చూపించిందనుకోండి. తప్పెక్కడుంది?"

"తెలీదండి."

ఆవిడ కలం ఆగింది.

"చూడకుండానే తెలుసన్నవాడు దాన్ని ఇంకా పాడు చేస్తాడండి. ముందు ఎవర్నీ ఏదీ ముట్టుకోవద్దంటాను. తర్వాత నిన్న ఏం మార్చామో చూస్తాను. చాలావరకు అక్కడే దొరికిపోతుంది."

"మరి ఇప్పుడున్న ఉద్యోగం ఎందుకు మానేస్తున్నారు?"

'కొత్తవి నేర్చుకోవాలని ఉందండి.' ఈ మాట అద్దం ముందు నలభైసార్లు చెప్పుకున్నాడు. తీరా నోట్లోంచి వేరేది వచ్చింది.

"మా మేనేజర్ చెడ్డవాడు కాదండి. కానీ బాగా చేశాను కాబట్టి అక్కడే ఉండమంటాడు. చెడగొట్టుంటే ఎప్పుడో పైకి పంపేవాడు. ఏడేళ్ళండి! మొన్న మా అమ్మాయి, 'నాన్నా, జూనియర్ అంటే చిన్నవాళ్ళు కదా' అంది. ఏం చెప్పను? ఇప్పుడు నా నెత్తిన ఇంకెవర్నో తెచ్చి కూర్చోబెడుతున్నాడు. నాకు ఏడుపొస్తోందండి."

డైరెక్టరమ్మ కళ్ళజోడు తీసింది. "అలాంటి మనిషి దగ్గర ఒక్క రోజు కూడా ఉండకండి. మా దగ్గర చేరండి. మా మేనేజర్ బంగారం లాంటివాడు, ఇప్పుడే పిలుస్తా."

జూనియర్ లేచి పారిపోబోయేంతలో తలుపు తెరుచుకుంది. మేనేజర్ నవ్వుతూ లోపలికొచ్చాడు. అతన్ని చూశాడు. నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, దాన్ని తీసేసే ఓపిక ఆయనకు లేకపోయింది.

"ఇదిగో మీ మనిషి," అంది డైరెక్టరమ్మ.

మూడేళ్ళుగా ఇతని కోసమే వెతుకుతున్నానని ఆయన గంట క్రితమే చెప్పి ఉన్నాడు. ఇప్పుడు ఇతను నా పక్కనే ఉంటాడని ఎలా చెప్పడం? "కూ... కూర్చోండి," అన్నాడు. ఏడేళ్ళలో మొదటిసారి 'అండి' పెట్టాడు. "ఇప్పుడున్న చోట... మిమ్మల్ని వదులుతారా?"

"మా మేనేజర్ వదలరేమోనండీ," అన్నాడు జూనియర్ నేల చూస్తూ.

"వదులుతాడు లెండి. వదలక ఏం చేస్తాడు?" అని గొణిగాడు మేనేజర్.

"వట్టి మూర్ఖుడిలా ఉన్నాడు ఆయన," అంది డైరెక్టరమ్మ.

"అంత మాటెందుకు మేడమ్? ఆయన బాధలేవో ఆయనకుంటాయి," అన్నాడు మేనేజర్ నీరసంగా.

హెచ్.ఆర్. అమ్మాయి కంప్యూటరు తెచ్చి అతని వివరాలు అడిగి ఎక్కించింది. సిస్టమ్ టింగుమంది. అమ్మాయి ముఖం చిట్లించి, "ఈ మనిషి ఇప్పటికే మన దగ్గరే ఉన్నాడంటోంది మేడమ్," అంది.

"ఆ సిస్టమ్ అంతే! ఎప్పుడూ ఏదో ఒక తప్పు చూపిస్తుంది," అన్నాడు మేనేజర్ గబుక్కున.

భుజం తట్టి పంపినప్పుడు సహించాడు. నెత్తిన ఇంకొకర్ని తెస్తుంటే సహించాడు. ఈ మాట మాత్రం జూనియర్ సహించలేకపోయాడు. దిగ్గున లేచి, "తప్పు చూపించదండి! ఒకే మనిషిని రెండుసార్లు ఎక్కించకుండా ఆ తనిఖీ పెట్టింది నేనే!" అని అరిచాడు.

అమ్మాయి తెర మీదున్నది చదివింది. "రెండో అంతస్తు. జూనియర్ డెవలపర్. ఇవాళ తీవ్రమైన జ్వరంతో సెలవు."

ఉన్న ఉద్యోగం కూడా ఊడిందని జూనియర్‌కు తెలిసిపోయింది. ఇంటికెళ్ళి భార్యకు ఏమని చెప్పాలా అని ఆలోచిస్తున్నాడు. డైరెక్టరమ్మ అతన్ని చూసింది, తర్వాత మేనేజర్ని చూసింది.

"ఏడేళ్ళుగా మీ పక్కనే ఉన్నాడా?"

"పక్కనే అంటే... మధ్యలో ఒక అద్దం ఉంది మేడమ్."

ఆవిడకు నవ్వాగలేదు. కళ్ళు తుడుచుకుని, "కాగితం మీద చూసి మీరే కావాలన్నారు. పరీక్షలో అతనే మొదట. ఇంక అడ్డేమిటి?" అంది.

"అది కాదు మేడమ్, ఇతను పైకెళ్ళిపోతే దీన్ని..."

"ఎవరు చూస్తారనేగా? ఇతనే చూస్తాడు, సీనియర్‌గా. కింద ఇంకో ఇద్దర్ని తీసుకోండి. మీరు మాత్రం, నంబర్ ఇరవై ఏడు, ఇంకోసారి జ్వరం తెచ్చుకునేటప్పుడు టై కట్టుకోకండి."

జూనియర్‌కు నిజంగానే ఏడుపొచ్చింది. మధ్యాహ్నం బుట్టలోంచి ఫోను తీసుకుంటే బామ్మర్ది నుంచి పందొమ్మిది కాల్స్ ఉన్నాయి. ఫోను చేశాడు.

"నువ్వు రాకపోతే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారని నేనే లోపలికెళ్ళి కూర్చున్నా బావా. తీసేసుకున్నారు. పదో కంపెనీ!"

ఇక మిగిలింది పదవి మార్చడమే. కానీ హెచ్.ఆర్. అమ్మాయి ఎంత నొక్కినా సిస్టమ్ ఒప్పుకోలేదు. పాత మనిషి కొత్త మనిషికి రెండు వారాలు పని అప్పగించి, ఇద్దరూ సంతకాలు పెడితేగాని ఆ కుర్చీ మారదట.

"ఆ నియమం తీసెయ్యొచ్చు కదండీ?" అన్నాడు మేనేజర్.

"తీసెయ్యొచ్చండీ. దానికి సీనియర్ డెవలపర్ అనుమతి కావాలట. ఆయన ఇంకా చేరలేదు కదా!"

అలా మన జూనియర్ రెండు వారాలు తన పనిని తనకే శ్రద్ధగా అప్పగించాడు. చివరి రోజు పత్రం మీద పాత మనిషిగా ఒక సంతకం చేశాడు. 'వెళ్ళిపోతున్న వ్యక్తి రాసిన కోడ్ మీద మీ అభిప్రాయం' అన్న గడిలో కొత్త సీనియర్ హోదాలో కాసేపు ఆలోచించి, 'దారుణం, అంతా మొదటినుంచి మళ్ళీ రాయాలి' అని రాసి రెండో సంతకం చేశాడు.